ఎయిర్ రైఫిల్‌కి తక్కువ ధర బ్యారెల్ మారుస్తున్నారా? బిగించకముందే నాణ్యత తేల్చుకునే పద్ధతి

2022 జూలై వరదలకి మా చెల్లెలి ఇల్లు గోదావరి లంకలో రోజుల తరబడి నీళ్ల మధ్యే ఉండిపోయింది. బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు అన్నీ అటకెక్కించారు. వాటితో పాటు మా మేనకోడలి ఎయిర్ రైఫిల్ కూడా రెగ్జిన్ కవర్లో అలాగే అటకెక్కింది. నీరు తీశాక కవర్ విప్పి చూస్తే పైన బాగానే ఉంది కానీ గొట్టం లోపల ఎర్రటి తుప్పు. గుడ్డ తోస్తే ఇటుక పొడి లాంటిది రాలింది.

సరే, కొత్త బ్యారెల్ వేయిద్దాం అనుకున్నాం. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికినదాన్ని తెప్పించి పాలకొల్లులో మా లేత్ షాపులోనే బిగించాను. రొయ్యల చెరువుల ఏరేటర్లకి షాఫ్టులు తిప్పే చెయ్యి నాది. గొట్టం బిగించడం ఎంతసేపు? చూడాల్సింది మాత్రం చూడలేదు. ఆ తర్వాత నాలుగు నెలలు పిల్ల స్కోరు పడిపోతూనే ఉంది. "మావయ్యా, నా చెయ్యే వణుకుతున్నట్టుంది" అని ఒక రోజు ఏడ్చేసింది. పొద్దున్నే లేచి నీళ్ల సీసా పట్టుకుని చెయ్యి నిలిపే ప్రాక్టీసు కూడా మొదలుపెట్టింది. చివరికి నేను బ్యారెల్ ఊడదీసి ఒక పెల్లెట్ (ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న సీసం గుండు) చేత్తో తోసి చూస్తే, మూతి దగ్గర చివరి రెండు అంగుళాలు అది జారిపోయింది. తప్పు గొట్టానిది, పిల్ల చేతిది కాదు. బిగించే ముందు అరగంట కూర్చుని ఉంటే ఆ నాలుగు నెలలు మిగిలేవి.

ఆ అరగంటలో ఏమేం చూడాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఇదంతా 4.5 మిల్లీమీటర్ల, అంటే .177 అంగుళాల బోరు (గొట్టం లోపలి రంధ్రం), స్పోర్ట్స్ ఎయిర్ రైఫిల్ గురించే. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు .177 దాటకుండా, మూతి దగ్గర శక్తి 20 జూల్స్ మించకుండా ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. మందుగుండు తుపాకుల సంగతి వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనివాళ్లు వాటిని తయారు చేయకూడదు, రిపేరు చేయకూడదు. వాటి గొట్టం పని ఎవరైనా లేత్ షాపుకి తెస్తే వెనక్కి పంపేయాల్సిందే. లైసెన్సు అక్కర్లేదు కదా అని ఎయిర్ గన్ పట్టుకుని కొంగల మీదకి, కోరింగలోనో కొల్లేట్లోనో పక్షుల మీదకి వెళ్లకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. మన గురి కాగితం మీదే.

మొదటి మెట్టు: తప్పు నిజంగా గొట్టానిదేనా?

కొత్తది కొనేముందు పాతదాన్ని విచారించాలి. గ్రూపు (కాగితం మీద పడ్డ రంధ్రాల గుంపు) చెదిరిందంటే చాలామంది నేరుగా బ్యారెల్‌నే అనుమానిస్తారు. నా దగ్గరికి వచ్చిన రైఫిళ్లలో ఎక్కువ వాటికి కారణం అంతకంటే చిన్నదే. చెక్క స్టాకు (భుజానికి ఆనించే దిమ్మ) స్క్రూలు వదులై ఉంటాయి. స్ప్రింగు గన్ (స్ప్రింగు తోసే పిస్టన్‌తో గాలి నొక్కే రకం) అదురుకి అవి వదులవుతూనే ఉంటాయి. టెలిస్కోపు మౌంటు వెనక్కి జరిగి ఉంటుంది. బ్యారెల్ వంచి లోడ్ చేసే రకంలో కీలు దగ్గర ఆట ఉంటుంది. రైఫిల్‌ని ఒళ్లో పెట్టుకుని గొట్టాన్ని కుడికీ ఎడమకీ మెల్లగా ఊపండి, కటకటమంటే ఆ కీలు బోల్టు చూసుకోవాలి.

గొట్టం వెనక మూతి దగ్గర రబ్బరు సీలు గాలి వదులుతోందా అన్నది టిష్యూ కాగితంతో తెలుస్తుంది. సన్నటి ముక్క చించి మూసిన అతుకు మీద అడ్డంగా పెట్టండి. పెల్లెట్ వేసి, సురక్షితమైన దిక్కుకి పేల్చండి. కాగితం ఎగిరిపడితే గాలి అక్కడ పోతున్నట్టే. సీలు ధర ఎంత, బ్యారెల్ ధర ఎంత! పెల్లెట్ లేకుండా మాత్రం స్ప్రింగు గన్ పేల్చకండి. లోపల పిస్టన్ ఆపేదేమీ లేక వెళ్లి గోడకి కొట్టుకుంటుంది.

ఇవన్నీ సరిగా ఉండి, గొట్టం శుభ్రం చేశాక, రెండు మూడు రకాల మంచి పెల్లెట్లు మార్చి చూశాక కూడా గ్రూపు రాకపోతే అప్పుడే కొత్తదాని గురించి ఆలోచించాలి.

రెండో మెట్టు: అమ్మేవాడిని ఏం అడగాలి

"ఈ గొట్టం వేస్తే పవర్ డబుల్ అవుతుందండి" అన్నాడంటే అక్కడితో మాట ఆపేయండి. పవర్ వచ్చేది స్ప్రింగు నుంచి, పిస్టన్ నుంచి, గాలి నుంచి. గొట్టం చేసే పని ఆ గాలిని వృథా పోనివ్వకుండా, పెల్లెట్‌ని సరిగా తిప్పి పంపడం. గొట్టం పొడవైతే వేగం పెరుగుతుందన్న మాట కూడా స్ప్రింగు గన్ విషయంలో పెద్దగా నిలవదు. మొదటి పది అంగుళాల్లోనే పెల్లెట్ వేగం దాదాపు అంతా వచ్చేస్తుంది. లెక్క కావాలంటే చూడండి: 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకి 200 మీటర్ల వేగంతో వెళ్తే శక్తి 10.6 జూల్స్. అదే పెల్లెట్ 275 మీటర్లకి చేరితే 20 జూల్స్ గీత దాటుతుంది. పది మీటర్ల కాగితానికి ఇంత అవసరమే లేదు.

"జర్మన్ బ్యారెల్" అన్న మాట కూడా చాలా తేలిగ్గా వాడేస్తున్నారు. జర్మనీలో లోథార్ వాల్థర్ లాంటి గొట్టాల కంపెనీలు ఉన్న మాట నిజమే, వాళ్ల పని గొప్పదే. కానీ ఆ పేరు చెప్పేవాడు బిల్లు మీద కూడా అదే పేరు రాసిస్తాడా అని అడగండి. రాయనంటే అది జర్మన్ కాదనుకుని, మామూలు గొట్టంలాగే పరీక్షించండి. చవకది అయినంత మాత్రాన చెడ్డది కాదు. మన దేశంలో చేసినవాటిలో నేను చూసిన కొన్ని గొట్టాలు ధరకి మించి బాగున్నాయి. వచ్చిన చిక్కల్లా ఒకటే కంపెనీ, ఒకటే ధర అయినా ఒక గొట్టానికీ ఇంకో గొట్టానికీ పోలిక ఉండదు. అందుకే పేరు కంటే మీ చేతికి వచ్చిన గొట్టాన్నే చూడాలి.

నేను అడిగేవి మూడే. గాళ్లు (గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు) ఏ పద్ధతిలో తీశారు? మూతి దగ్గర చోక్ (కొద్దిపాటి బిగుతు) ఉందా? బిగించకముందు నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా? మూడో దానికి "అలాగేనండి" అనకపోతే మొదటి రెండూ అడగక్కర్లేదు.

గాడి, గట్టు, చోక్: లోపల ఏముంటుంది

గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్లు ఉంటాయి. రెండు గాళ్ల మధ్య ఎత్తుగా మిగిలేది గట్టు. పొలంలో బోదెకీ బోదెకీ మధ్య గట్టు ఉన్నట్టే. మెత్తటి సీసం పెల్లెట్ ఆ గట్ల మధ్య ఒరుసుకుంటూ తిరుగుతూ బయటికి వస్తుంది. మంచి ఎయిర్ రైఫిల్ గొట్టాల్లో 12 గాళ్లు ఎక్కువగా కనిపిస్తాయి. అంతకంటే తక్కువ ఉన్నా పనిచేస్తుంది. గాళ్ల సంఖ్య కంటే అన్నీ ఒకే లోతున ఉండడం ముఖ్యం.

చాలా గొట్టాల్లో గాళ్లు తీసేది బటన్ పద్ధతిలో. కార్బైడ్‌తో చేసిన గట్టి ముక్కని రంధ్రంలోంచి బలంగా లాగుతారు, అది ఇనుమును కోయకుండా పక్కకి నొక్కి గాళ్లు పెడుతుంది. నొక్కిన ఇనుములో ఆ ఒత్తిడి దాగి ఉంటుంది. దాన్ని కొలిమిలో వేడి చేసి తీసేయాలి. ఖర్చు తగ్గించుకోవడానికి ఆ వేడి చేయడం సరిగా చేయకుండా పైన లేత్ మీద సన్నగా తిప్పితే, తిప్పిన చోట లోపలి రంధ్రం కొద్దిగా విచ్చుకుంటుంది. మా పిల్ల గొట్టానికి జరిగింది ఇదే. ముందు సైటు (గురి చూసే భాగం) తొడగడానికి మూతి దగ్గర రెండు అంగుళాలు సన్నం చేశారు, సరిగ్గా అక్కడే లోపల వదులైంది. పైనుంచి చూస్తే ఆ మెట్టు ఎంతో నీటుగా ఉంది. లేత్ పని చేసేవాడిగా నేను దాన్ని మెచ్చుకున్నాను కూడా.

అందుకే గొట్టం చేతికి రాగానే పైన సన్నం చేసిన చోట్లు, మెట్లు, మరలు, సైటు కోసం కోసిన గాట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చాక్‌పీస్‌తో గుర్తు పెట్టుకోండి. తర్వాత పెల్లెట్ తోసేటప్పుడు ఆ గుర్తుల దగ్గర చెయ్యి జాగ్రత్తగా ఉండాలి.

చోక్ అంటే మూతి దగ్గర చివరి అంగుళం, అంగుళంన్నర మేర రంధ్రం వందో వంతు మిల్లీమీటర్లలో కొద్దిగా బిగుసుకోవడం. పెల్లెట్ బయటికి వచ్చే ముందు చివరిసారి సర్దుకునేలా చేస్తుంది. చోక్ లేకపోయినా ఫర్వాలేదు. మూతి దగ్గర వదులు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఉండకూడదు.

మూడో మెట్టు: కొలతలు, నిటారు

వెర్నియర్‌తో మూడు కొలతలు తీసుకోండి: పాతదాని బయటి వ్యాసం బిగించే చోట, మొత్తం పొడవు, పిన్ను లేదా గ్రబ్ స్క్రూ (తల లేని స్క్రూ) గుంట ఉండే దూరం. కొత్తది పావు మిల్లీమీటరు లావు ఉంటే "లేత్ మీద తీసేద్దాంలే" అనిపిస్తుంది. తీయకండి. ఎందుకో పైన చెప్పాను. సరిపోయేదే తెప్పించుకోవాలి.

నిటారు చూడడానికి మందపాటి అద్దం ముక్క చాలు. టీపాయ్ మీద వేసే గ్లాసు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. గొట్టాన్ని దాని మీద మెల్లగా దొర్లించండి. మెట్లు ఉన్న గొట్టమైతే ఒకే వ్యాసం ఉన్న భాగం మాత్రమే అద్దం మీద ఉండాలి. వంకర ఉంటే ఒక చోట కింద వెలుతురు కనిపించి, మళ్లీ మాయమవుతుంది. ఆ సందులోకి జిరాక్సు కాగితం దూరుతుందేమో చూడండి. మామూలు జిరాక్సు కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. కాగితం దూరేంత వంకర ఉంటే నేను తిప్పి పంపేస్తాను.

పైన నిటారుగా ఉండి లోపల రంధ్రం పక్కకి పోయే గొట్టాలూ ఉంటాయి. మూతి దగ్గర గోడ మందం నాలుగు వైపులా కొలవండి. ఒక వైపు 5.2, ఎదుటి వైపు 4.9 అయితే రంధ్రం మధ్యలో లేదు. ఇది ఒక్కటే ఉంటే పెద్ద లోపం కాదు, ఆ గొట్టం కూడా బాగా కొట్టొచ్చు. కాకపోతే సైటు సర్దుబాటు ఒక పక్కకి బాగా జరపాల్సి వస్తుంది.

నాలుగో మెట్టు: వెలుగులో చూడడం

గొట్టం రైఫిల్ నుంచి విడిగా ఉన్నప్పుడే లోపలికి చూడాలి. బిగించి ఉన్న రైఫిల్ మూతిలోకి ఎప్పుడూ, ఎవరూ, ఖాళీ అని తెలిసినా, కన్ను పెట్టకూడదు. ఈ ఒక్క విషయంలో మా షాపులో నేను ఎవరి మొహమాటానికీ పోను.

కొత్త గొట్టం లోపల ప్యాకింగు నూనె ఉంటుంది, ముందు అది తీయాలి. గాలానికి వాడే నైలాన్ దారం గొట్టం పొడవుకి రెండింతల కంటే మూరెడు ఎక్కువ తీసుకుని, మెలిపెట్టి రెండు పేటలు చేసి, చివర ఉచ్చు వేయండి. పాత పంచె గుడ్డ చిన్న ముక్క అందులో దూర్చి వెనక మూతి నుంచి ముందు మూతికి లాగండి. మొదటి గుడ్డకి చుక్క కిరోసిన్, తర్వాత అన్నీ పొడివే. గుడ్డ తెల్లగా వచ్చేవరకూ లాగాలి. కిరోసిన్ తడి ఏమాత్రం మిగలకూడదు. స్ప్రింగు గన్‌లో అది వేడి గాలికి మండి పొగ వస్తుంది, సీలు పాడవుతుంది. సిలిండర్ గాలితో నడిచే పీసీపీ రైఫిల్ అయితే ఆ గాలి దారిలోకి పెట్రోలియం నూనె అసలు పోకూడదు, అది ప్రమాదం.

ఇప్పుడు గొట్టాన్ని ట్యూబులైటు వైపు పట్టుకుని వెనక నుంచి చూడండి. నేరుగా లైటునే చూస్తే కళ్లు మెరమెరలాడతాయి తప్ప ఏమీ తెలియదు. లైటు అంచు గొట్టం మూతిని సగం కప్పేలా పట్టుకోండి. లోపల ఒక నీడ గీత పొడవునా పడుతుంది. గొట్టాన్ని వేళ్లతో మెల్లగా తిప్పుతుంటే ఆ గీత కదలకుండా ఉండాలి. ఎక్కడైనా విరిగినట్టో, పాము మెలిక తిరిగినట్టో కనిపిస్తే లోపల వంకర లేదా ఉబ్బు ఉంది.

గీతలు ఉంటే ఏ వైపు ఉన్నాయో చూడాలి. గాళ్ల వెంట పొడవునా ఉన్న సన్నటి గీతలు అంతగా హాని చేయవు. గట్ల మీద అడ్డంగా, గ్రామఫోన్ రికార్డు మీద ఉన్నట్టు వరసగా గీతలుంటే అది రీమర్ (రంధ్రాన్ని నునుపు చేసే పనిముట్టు) మొద్దుబారి అదిరిన గుర్తు. ప్రతి షాటుకీ పెల్లెట్ సీసాన్ని అవి గీరి పట్టుకుంటాయి. యాభై షాట్లకే గొట్టం మురికి పడుతుంది. తుప్పు గుంటలు నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. కొత్త గొట్టంలో అవి ఉంటే వేరే పరీక్ష అక్కర్లేదు.

ఫోన్‌కి తగిలించే ఎండోస్కోప్ కెమెరా కొందామనుకుంటే ముందు దాని లావు చూడండి. ఎక్కువగా దొరికే 5.5 మిల్లీమీటర్లది 4.5 బోరులోకి దూరదు. నేను కొని తెలుసుకున్నాను.

ఐదో మెట్టు: పెల్లెట్ తోయడం

ఈ వ్యాసంలో ఒక్కటే పరీక్ష చేయగలిగితే ఇదే చేయండి.

కావాల్సినవి: మంచి కంపెనీ పెల్లెట్లు పది, తల కొలత డబ్బా మీద 4.50 అనో 4.51 అనో రాసి ఉన్నవి. చవక పెల్లెట్లు ఇందుకు పనికిరావు. పెల్లెట్టే ఒకటి లావు, ఒకటి సన్నం అయితే గొట్టం గురించి ఏం తెలుస్తుంది? తోయడానికి బ్రేజింగ్‌కి వాడే 3 మిల్లీమీటర్ల ఇత్తడి రాడ్డు. రాడ్డు తిన్నగా ఉండాలి. చివర ఆకురాయితో చదును చేసి అంచులు గుండ్రం చేయండి. పొడవంతా ఎలక్ట్రీషియన్ల దగ్గర దొరికే ష్రింక్ స్లీవు తొడిగి వేడి చేస్తే అతుక్కుపోతుంది. ఇత్తడి రాడ్డు గొట్టాన్ని గీరకుండా అదే కాపలా. ఇనుప ఊచ మాత్రం దూర్చకండి.

గొట్టాన్ని వైస్‌లో గుడ్డ చుట్టి తేలిగ్గా పట్టించండి. గట్టిగా బిగిస్తే అక్కడే లోపల నొక్కుకుని మీకు తప్పుడు బిగుతు చూపిస్తుంది. పెల్లెట్‌ని వెనక మూతిలో బొటనవేలితో పెట్టండి. అది కొద్దిగా అడ్డుకుని, సమంగా కూర్చోవాలి. జారి లోపలికి పడిపోతే మొదట్లోనే వదులు.

రాడ్డు చివర పెల్లెట్ వెనక బోలులో ఆనించి, మెల్లగా తోయండి. ఊపిరి బిగపట్టక్కర్లేదు కానీ ఆగకుండా ఒకే వేగంతో తోయాలి. మొదట గట్లు సీసంలోకి దిగేటప్పుడు ఒక గట్టి అడ్డు తగులుతుంది. అది దాటాక వెన్నలో కత్తి దిగినట్టు ఒకే బరువుతో నడవాలి. చివరి అంగుళంలో మళ్లీ బిగిస్తే అది చోక్. వేలికి మూడు రకాల సంగతులు తెలుస్తాయి.

దారి మధ్యలో ఒక చోట బిగుసుకుని మళ్లీ తేలికైతే, రాడ్డు మీద అక్కడ స్కెచ్‌పెన్‌తో గీత పెట్టి బయటికి తీసి, ఆ దూరం గొట్టం పైన కొలవండి. తొంభై పాళ్లు అక్కడ ఒక గాటో, పైన నొక్కిన బ్యాండో ఉంటుంది. బిగుతు మూతికి దగ్గరగా ఉంటే సర్దుకుపోవచ్చు. వెనక వైపు బిగుతై ఆ తర్వాత పొడవునా వదులైతే కుదరదు, ఎందుకంటే బిగుతు చోట సన్నబడ్డ పెల్లెట్ ఆ తర్వాత ఎక్కడా గట్లని సరిగా పట్టుకోదు.

బరువు పెరిగి తగ్గి, పెరిగి తగ్గినట్టు గరగరలాడితే లోపల నునుపు లేదు.

మూతి దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా జారిపోతే, ధర ఎంత తక్కువైనా ఆ గొట్టం వద్దు. అమ్మేవాడికి ఈ ముక్క చెప్తే "అదంతా అలవాటైతే సర్దుకుంటుందండి" అంటాడు. వదులైన ఇనుము సర్దుకోదు.

ఒక్క పెల్లెట్‌తో నమ్మకం పెట్టుకోకండి. కనీసం ఐదు తోయాలి. తోసిన ప్రతిదాన్నీ కంసాలి భూతద్దం కింద పెట్టి చూడాలి. నాకు బాగా గుర్తుంది, మా పిల్ల గొట్టంలోంచి వచ్చిన మొదటి పెల్లెట్. వెనక పావడా (పెల్లెట్ వెనక విచ్చుకున్న భాగం) అంచు చుట్టూ గాళ్ల ముద్రలు ఒక సగం వైపు లోతుగా, దువ్వెన పళ్లలా ఉన్నాయి. రెండో సగం వైపు వాటి నీడ మాత్రమే ఉంది. తల మీద అయితే ఒక వైపు అసలు గీతే లేదు, డబ్బాలోంచి తీసినట్టే మెరుస్తోంది. అంటే పెల్లెట్ గొట్టంలో ఒక పక్కకి ఒరిగి ప్రయాణం చేసింది. మంచి గొట్టంలో ముద్రలు తల చుట్టూ, పావడా చుట్టూ సమంగా పడతాయి. పావడా అంచున సీసం తునక చిన్న గోరులా లేచి ఉంటే వెనక మూతి దగ్గర గట్ల అంచు మరీ పదునుగా ఉందని అర్థం. ఒక్కటే చిన్న తునకైతే వాడకంలో నునుపు తేలవచ్చు. ప్రతి పెల్లెట్‌కీ వస్తే తిప్పి పంపండి.

మెలిక వేగం (గాళ్లు ఎంత దూరానికి ఒక చుట్టు తిరుగుతాయో) కూడా ఇప్పుడే కొలుచుకోవచ్చు. పిడి స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్డుకి బిగుతుగా గుడ్డ చుట్టి తోస్తే రాడ్డు గాళ్ల వెంట తిరుగుతుంది. రాడ్డు మీద ఒక చుక్క పెట్టి, సగం తిరగడానికి ఎంత దూరం లోపలికి పోయిందో కొలిచి రెండింతలు చేయండి. 4.5 బోరు గొట్టాల్లో పూర్తి చుట్టు సాధారణంగా 400 నుంచి 450 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. నేను ఇది తెలుసుకోవడానికే కొలుస్తాను, దీని వల్ల గొట్టం తిప్పి పంపింది ఇంతవరకూ లేదు.

ఆరో మెట్టు: మూతి అంచు

పెల్లెట్ గొట్టాన్ని చివరిసారి తాకే చోటు మూతి అంచు, దీన్నే క్రౌన్ అంటారు. అక్కడ గోరంత ముల్లు ఉన్నా వెనక నుంచి వచ్చే గాలి ఒక పక్క ముందుగా బయటపడి పెల్లెట్‌ని పక్కకి తోస్తుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్ల తీసుకుని లోపలి నుంచి బయటికి, అంచు మీదుగా చుట్టూ లాగండి. దూది పోగు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ ముల్లు ఉంది. భూతద్దంలో ఆ చోటు మెరుస్తుంది కూడా. అన్నిట్లోకీ ఇదొక్కటే సరిచేయదగ్గ లోపం, అది కూడా లేత్ మీద బోరును సెంటర్ చేసి నిదానంగా చేసే మేస్త్రి చేతిలో. ఇసుక కాగితం వేలికి చుట్టి రుద్దితే ఉన్నది కూడా పోతుంది.

బిగించి కొంత పేల్చాక మళ్లీ చూడండి. అంచు చుట్టూ బూడిద రంగు గీతలు నక్షత్రంలా, గాడికొకటి చొప్పున సమంగా పడితే గాలి అన్ని వైపులా ఒకేలా వస్తోంది.

గొట్టం పైన ఉండే నల్ల పూత గురించి క్లుప్తంగా: నూనె తడిపిన తెల్ల గుడ్డతో పైన గట్టిగా తుడవండి. గుడ్డ నల్లబడుతూనే ఉంటే అది పలచటి పూత. మన కాకినాడ, అంతర్వేది ఉప్పుగాలికి ఒక వానాకాలం కూడా ఆగదు. గురికి దీనితో సంబంధం లేదు, తుప్పుకి ఉంది.

ఏడో మెట్టు: కాగితం మీద తేల్చుకోవడం

పై పరీక్షలన్నీ దాటిన గొట్టమే బిగించాలి. ఇక మిగిలింది కాగితం.

పది మీటర్లు, గాలి ఆడని చోటు. మేం ధాన్యం ఖాళీ అయిన గోడౌన్‌లో తెల్లవారుజామున కొడతాం. వెనక వాలుగా పెట్టిన ఇనుప పలక, దాని ముందు పాత గుడ్డలు కుక్కిన పెట్టె, కళ్లకి అద్దాలు, ఆ వైపు తలుపుకి గొళ్లెం. పిల్లలు పెల్లెట్లు ముట్టుకున్నాక చేతులు కడగనిదే ఏమీ తినకూడదు. సీసం అది.

శుభ్రం చేసిన గొట్టంలో గట్ల మీద పలచగా సీసం పట్టేదాకా గ్రూపు నిలకడగా రాదు. మొదటి 50 నుంచి 100 షాట్లు లెక్కలోకి తీసుకోకండి. తర్వాత గోదావరి ఇసుక నింపిన సంచి మీద రైఫిల్ పెట్టండి. స్ప్రింగు గన్ అయితే ఇసుక మీద నేరుగా కాకుండా, సంచి మీద మీ అరచెయ్యి పెట్టి, దాని మీద రైఫిల్‌ని వదులుగా ఆనించాలి. గట్టిగా అదిమిపట్టుకుంటే స్ప్రింగు అదురు గురిని పక్కకి లాగుతుంది, ఆ తప్పు గొట్టం మీద పడుతుంది.

నాలుగైదు రకాల పెల్లెట్లతో, ఒక్కోదానితో పది షాట్ల చొప్పున కొట్టండి. మూడు షాట్లతో ఫొటో తీసి పంపే అమ్మకందార్లున్నారు. మూడు షాట్లు ఏ గొట్టంలోనైనా అదృష్టం కొద్దీ ఒకచోట పడతాయి. పది పడితేనే గొట్టం స్వభావం బయటపడుతుంది. ఎక్కడో దూరంగా పడ్డ ఒకదాన్ని "నా చెయ్యి కదిలింది" అని వదిలేయకండి. మళ్లీ పది కొట్టండి. రెండోసారీ ఒకటి దూరం పోతే అది మీ చెయ్యి కాదు.

గ్రూపు కొలత ఇలా: అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకి వెర్నియర్ పెట్టి, ఒక్క రంధ్రం వ్యాసం తీసేయండి. పలచటి కాగితం చిరిగి రంధ్రం చిన్నగా కనిపిస్తుంది, అందుకే 4.5 అని అనుకోకుండా అదే కాగితం మీద విడిగా పడ్డ ఒక రంధ్రాన్ని కొలిచి ఆ అంకె తీసేయాలి.

ఎంత వస్తే బాగున్నట్టు? నేను అంతర్జాతీయ కార్డునే కొలబద్దగా పెట్టుకుంటాను. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కార్డులో పది మార్కుల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. 4.5 పెల్లెట్ దాన్ని తాకితే చాలు పది వస్తుంది. అంటే పెల్లెట్ మధ్య బిందువు కార్డు మధ్య నుంచి 2.5 మిల్లీమీటర్ల లోపు పడాలి. కాబట్టి ఇసుక సంచి మీద పది షాట్లూ 5 మిల్లీమీటర్ల గ్రూపులో పడితే, ఆ గొట్టం పదులు కొట్టడానికి అడ్డం కాదు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం గెలిచిందీ, 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కంచు తెచ్చిందీ ఈ అర మిల్లీమీటరు చుక్క మీదే. వాళ్ల రైఫిళ్ల గొట్టాలు ఇంకా బిగుతైన గ్రూపు ఇస్తాయి. చవక గొట్టం నుంచి, నేర్చుకునే పిల్లలకి, 8 నుంచి 10 మిల్లీమీటర్లు వస్తే నేను ఉంచేసుకుంటాను. ఏ పెల్లెట్‌తోనూ 15 లోపు రాకపోతే వెనక్కి.

పాత గొట్టంతో కొట్టిన కార్డులు పారేయకండి. అదే పెల్లెట్, అదే సంచి, అదే మనిషి. రెండు కార్డులూ పక్కపక్కన పెడితే వాదన అక్కర్లేదు. అమ్మేవాడికి పంపేది కూడా ఆ రెండు కార్డుల ఫొటో, తోసిన పెల్లెట్ల ఫొటోనే. నేను అలా పంపినప్పుడు అవతలివాళ్లు మారు మాట్లాడలేదు. మొదటిసారి మాత్రం నా దగ్గర చూపించడానికి ఏమీ లేక, బిగించేసిన గొట్టం కాబట్టి, డబ్బు పోయింది.

మా మేనకోడలికి రెండో గొట్టం ధర మొదటిదాని కంటే పెద్ద ఎక్కువేం కాదు. మూడు తెప్పించాను, ముగ్గురు పిల్లల రైఫిళ్లకని. తోసి చూస్తే ఒకటి మధ్యలో బిగుతు, తిప్పి పంపాను. ఒకటి బాగుంది. ఒకటి చాలా బాగుంది, చివరి అంగుళంలో చోక్ వేలికి స్పష్టంగా తెలిసింది. పిల్లని కూర్చోబెట్టి రాడ్డు తన చేతికే ఇచ్చాను. రెండు గొట్టాల్లోనూ తోసి, ఏది తనదో తనే చెప్పింది.

ఇప్పుడు ఆ రైఫిల్ రెగ్జిన్ కవర్లో ఉండదు. స్పాంజి పెట్టెలో కూడా పెట్టం, రెండూ తేమని లోపలే ఆపి గొట్టానికి అంటిస్తాయి. పాత నూలు దుప్పటి చుట్టి, బీరువాలో నిలువుగా, పక్కన సిలికా జెల్ పొట్లాలు. జూన్ నుంచి నవంబరు దాకా పదిహేను రోజులకోసారి బయటికి తీసి పైన నూనె గుడ్డ, లోపల పొడి గుడ్డ. సిలికా జెల్ గుళికలు రంగు మారితే పెనం మీద సన్నటి సెగన వేయించి మళ్లీ పెడతాం. ఆ పెనం మళ్లీ వంటకి వాడకూడదు.